పొక్కు లేని దురద

మాఘమాసం, ఆదివారం, పొద్దున ఎనిమిది గంటలు. వికారాబాద్‌లో మా చెల్లెలి ఇంటి వెనక వాకిట్లో జొన్నపిండి తాంబాళం ముందు కూర్చోబోతుంటే, మా చెల్లెలు వచ్చి నా పీట పక్కకు లాగింది.

"అక్కా, నువ్వు జర కుర్చీల కూసో. రొట్టెలు వేరేటోళ్లు చేస్తరు."

ఆ రోజు దాని బిడ్డ కన్న పాపకు తొట్టెల. పాపను మొదటిసారి ఊయలలో వేస్తారు, చుట్టాలు తిని పోతారు. మా అమ్మ పోయినప్పటి నుంచి మా ఇళ్లలో ఏ కార్యమైనా మొదటి రొట్టె నా చేతిదే. అందుకే తాండూరు నుంచి తెల్లారే బస్సెక్కి వచ్చాను. కుర్చీ ఎందుకని అడగాల్సిన పని లేదు. అది ఆ మాట అంటున్నప్పుడు కూడా నేను మోచేయి గోక్కుంటున్నాను.

ఈ దురద నాకు రెండేళ్లుగా ఉంది. ఒంటి మీద పొక్కు లేదు, దద్దు లేదు, ఎర్రదనం లేదు. ఒకప్పుడు తాండూరులో బండల పాలిష్ మిషన్ దగ్గర పనిచేశాను కాబట్టి ఆ దుమ్మే అన్నారు కొందరు. ఆ పని మానేసి ఏళ్లయింది. వంకాయ అన్నారు ఇంకొందరు. వంకాయ మానేశాను, దురద మానలేదు. కందిపప్పు మానమన్నారు. కందికి పేరుపడ్డ తాండూరులో ఉండి కందిపప్పు మానమనేవాళ్ల మాట నేను వినదలచుకోలేదు.

పెద్దాసుపత్రిలో రక్తం తీసి చూశారు. షుగర్ లేదు, కిడ్నీలు బాగున్నాయి, కాలేయం బాగుంది. "ఏం లేదమ్మా" అని డాక్టరు నన్ను ఇంకో గదికి పంపాడు. అక్షరాలు నేను తల నెరిశాక నేర్చుకున్నాను. గది తలుపు మీది బోర్డు కూడబలుక్కుని చదివాను. మానసిక వైద్యం అని ఉంది. చదువు రాకపోతే తెలియక లోపలికి పోయేదాన్ని. వచ్చింది కాబట్టి తెలిసే పోయాను.

"నా తల మంచిగనే ఉంది. తోలే మంచిగ లేదు" అన్నాను లోపలున్న డాక్టరమ్మతో.

ఆమె నవ్వలేదు. "మీకు దురద ఉందంటే ఉన్నట్లే" అంది. వేడినీళ్లు మానమంది. స్నానం కాగానే తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాసుకోమంది. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోమంది. గోకాలనిపిస్తే అరచేత్తో తట్టమంది. దురద తగ్గిందా అంటే కొంచెం. పోలేదు.

ఆమె చెప్పని సంగతి ఒకటి నాకే తెలిసింది. చేతులు పిండిలో ఉన్నంతసేపు నేను గోకలేను. దురద వస్తుంది, పిలుస్తుంది, ఎవరూ పలకకపోతే కాసేపటికి పోతుంది. రోజు మొత్తంలో నా ఒళ్లు నా మాట వినేది రొట్టెలు చేస్తున్నప్పుడే. పీట లాగేసి కుర్చీ వేయడమంటే నన్ను దురదకు అప్పజెప్పడమే.

"ఎవరన్నరు?" అని అడిగాను.

చెల్లెలు నేల చూసింది. జవాబు పక్కనుంచి వచ్చింది. దాని బిడ్డ అత్తగారు, నాకు వదిన వరస, అప్పటికే ఒక కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమె రాగానే ఆ కుర్చీ తెచ్చి వేసింది నేనే.

"ఏమనుకోకు వదినా. బాలింత తినాలె. అంటుకునేది గిట్ల అయితే ఎట్ల?"

రవిక చేతులు పైకి జరిపి రెండు చేతులూ ఆమె ముఖం ముందు పెట్టాను.

"చూడు. ఒక్క పొక్కు చూపెట్టు, నేను గేటు బయట కూసోని తింట."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని నిజంగానే చూసింది. చేతులు తిప్పి కూడా చూసింది.

"ఏం లేదు. గని గోక్కుంటున్నవ్ గద."

"గోక్కుంటున్న. రేపు గూడ గోక్కుంట. గిది నా ఒళ్లు."

"ఏం లేకుంటె ఎందుకు గోక్కుంటవ్?"

"నీ మోకాలు వాచిందా? ఎర్రగైందా? నాకైతే ఏం కనవడ్తలేదు. నువ్వు నొస్తుందన్నవ్, నేను కుర్చి ఏసిన. నొప్పి ఏది, చూపెట్టు అన్ననా?"

ఉల్లిగడ్డలు కోస్తున్న ఇద్దరు వాడకట్టు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వదిన చాపిన కాళ్లు దగ్గరకు లాక్కుంది.

"పొక్కులు రావాల్సింది నీ నోటికి అక్కా" అంది చెల్లెలు.

పీట నేనే లాక్కున్నాను. అందరూ చూస్తుండగా సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కుని కూర్చున్నాను. చెల్లెలు ఎసరు తెచ్చి పిండిలో పోసింది. పొయ్యి సెగ తగలగానే దురద మెడ మీదికి ఎక్కింది. వేడంటే దానికి పండుగ. నేను లేవలేదు. రొట్టె తట్టాను, పెంక మీద వేశాను, తడిగుడ్డతో నీళ్లు అద్ది తిప్పాను. పొంగింది.

తీసి గంపలో పెట్టాను. ఎవరూ ముట్టలేదు. అందరూ వదిన ముఖమే చూస్తున్నారు. రెండోది తట్టడానికి తీసుకున్న పిండిని మళ్లీ తాంబాళంలోనే పెట్టాను.

అప్పుడు చెల్లెలి బిడ్డ, పాపకు పాలిచ్చి పడుకోబెట్టి, వాకిట్లోకి వచ్చింది.

"పెద్దమ్మా, ఆకలైతుంది. గా రొట్టె నాదేనా?"

"మీ అత్తమ్మను అడుగు."

"అడిగేదేముంది? చిన్నప్పటి సంది నీ చేతి రొట్టె తింటున్న. నాకేం అంటుకోలె. రొట్టెలు చేసుడు సుత అంటుకోలె."

గంప దగ్గర నిలబడే తుంచి, ఉల్లికారం అద్దుకుని, మొత్తం తినేసింది. వదిన కోడలిని చూసింది, నన్ను చూసింది, మోకాలు రుద్దుకుంది.

"నాకొకటి మెత్తగ చెయ్యి వదినా. పండ్లు లెవ్వు."

మెత్తగా చేశాను. గంప నిండాక లేచి, చేతులు కడుక్కుని, అందరి ముందే వీపు గోడకేసి రుద్దుకున్నాను. దురద ఇప్పటికీ ఉంది. రొట్టెలూ చేస్తూనే ఉన్నాను.

ఆ రోజు ఆ వాకిట్లో ఉన్నది: పీట లాగి, మళ్లీ తానే ఎసరు పోసిన మా చెల్లెలు. మొదటి రొట్టె నిలబడి తిన్న దాని బిడ్డ. నవ్వు ఆపుకోలేని వాడకట్టు ఆడవాళ్లు ఇద్దరు. లోపల నిద్రలో, ఇంకా పేరు పెట్టని పాప. కుర్చీ దిగకుండానే రెండు రొట్టెలు తిన్న మా వదిన. పొయ్యి ముందు నేను.