ఉలవచేలో బంగారు తీగ

మా చేను పైభాగమంతా ఎర్ర గరుసు నేల, రాళ్లూ ఇసుకా. కింద, వంక పక్కన, వాననీళ్లు తెచ్చిపోసిన ఒండ్రు. ఉలవలు చల్లితే పైన మొక్క బక్కగా వచ్చినా శుభ్రంగా ఉంటాది. కింద తేమ తొందరగా ఆరదు, అందుకే ఆడ బంగారు తీగ మొలుస్తాది. పేరుకే బంగారం. ఆకు లేదు, మొక్కను పట్టుకున్నంక నేల్లో వేరు గూడా ఉండదు. ఎవరో పసుపురంగు సేమియా చేనిమీద విసిరేసినట్టు అల్లుకోని, మొక్క రసమంతా పీల్చేస్తాది.

మా అత్త ఒకటే మాట చెప్తా ఉండె: "దాన్ని పీకి ఆవుకెయ్యొద్దు. కాయ పట్టినాక అసలే వద్దు. కాల్చెయ్. దాని గింజ ఆవు కడుపులో గూడా సావదు."

మర్చిపోయినానని చెప్పుకోవచ్చు. మర్చిపోలేదు. ఆ ఏడు గడ్డి లేదు. పాలావు ఖాళీ గాడి కాడ నిలబడి నా పక్కే సూస్తాంటే, తీగతో సహా ఉలవకొమ్మలు మోపు కట్టి తెచ్చి వేసినాను. ఒకనాడు గాదు, కాయ పట్టినాక గూడా, తీగ అయిపోయేదాకా. పేడంతా ఎరువు దిబ్బలోకి పోయింది.

గట్టుకు అవతలి చేను ఒక అక్కది. తోడబుట్టింది కాదు, పిలుపు అట్ల. ఒంటిమనిషి. ఆమె చారుకూ, ఆవు దాణాకూ ఏడాదంతా ఆ ఉలవలే ఆధారం. "చెల్లీ, నా గరుసునేల సచ్చిపోయిందే, రెండు ట్రాక్టర్ల ఎరువియ్యి" అనింది. గొప్పగా ఇచ్చినాను.

మరుసటేడు వాన పడినాక ఆమె ఉలవచేలో గుండ్రంగా, ఆడొకటి ఈడొకటి, పసుపు లేచింది. ఎరువు కుప్పలు పోసిన చోట్లే. పారతో ఎంత విసిరినా కుప్ప అడుగు మందంగా నిలుస్తాది, ఆడ గరుసు గూడా మెత్తబడి తేమ పట్టుకుంటాది. గట్టుమీద నుంచి సూసినప్పుడే నాకు అర్థమైపోయింది.

అక్క మాత్రం విత్తనాన్ని తిట్టింది. మదనపల్లెలో ఒక పెద్దాయన అంగట్లో కొన్న ఉలవలు అవి. "నువ్వూ రా చెల్లీ, నాకు మాట తిరగదు" అంటే, పుంగనూరులో బస్సెక్కి పోతిమి. అంగట్లో మాట్లాడింది నేనే. "ఒంటి ఆడదే గదా అని కలుపు గింజలు కట్టిస్తారా?" అని నలుగురూ వినేట్టు అరిచినాను.

పెద్దాయన ఉలవలు చాటలో పోసి చూపించినాడు. "విత్తనంలో వచ్చుంటే చేనంతా రావల్ల గదమ్మా? గుండ్రంగా యాల వస్తాది? ఎరువు యాడిది?"

"ఎరువు మా చెల్లెలిది. దాన్ని అనుమానించే పనే లేదు" అనింది అక్క.

నేను గోనెసంచుల పక్క సూస్తా నిలబడినాను. ఆయన వాటికి బదులని ఒక మూట ఉలవలు కట్టి అక్క చేతికిచ్చినాడు.

తీగ గింజ కట్టకముందే ఆ గుండ్రాలన్నీ పంటతో సహా కోసి కాల్చాల్సొచ్చె. నేనూ కొడవలి తీసుకోని పోయినాను. మూడో గుండ్రం కాడ నోరు తెరిచినాను.

"అక్కా, ఇది నా దిబ్బలోదే. తీగ ఆవుకేసినాను."

ఆమె కొడవలి ఆపలేదు. "ఆ పెద్దాయన అడిగినప్పుడు నీ మొకం సూస్తినే."

"మరి నన్ను అడగలేదే?"

"యాల అడగల్ల? నోరు నీకే ఉండాది గదా. అంగట్లో బాగానే లేస్తా ఉండె."

కోసిన తీగ కుప్పమీద పడేసి అనింది: "ఆ మూట ఇప్పలేదు. నువ్వే తీసుకపోయి ఇచ్చిరా. జరిగింది సెప్పు."

పోయినాను. ఆ పొద్దు గూడా అంగట్లో జనం ఉండారు. మళ్లీ గొడవకొచ్చినాననుకోని పెద్దాయన లేచి నిలబడినాడు. "ఏమ్మా, తక్కువొచ్చినాయా?"

"లేదప్పా, మిగిలిపోయినాయి" అని మూట ఆడ పెట్టేసి బయటికొచ్చేసినాను.

బస్సు దిగి ఊర్లోకి రాంగానే అక్క అడిగింది: "సెప్పినావా?"

"సెప్పినా."

నమ్మింది. తప్పు చేస్తే ఒప్పుకునే మనిషి మా చెల్లెలు అని ఇప్పటికీ నలుగురిలో అంటా ఉంటాది. నేను ఆడ ఉంటే, ఆవుకు నీళ్లు పెట్టల్ల అని లేచి వచ్చేస్తాను.