మిల్లు గేటు దాటించిన కోత పండుగ

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు. మైకు ముందు నిలబడటం నాకు కొత్త, నా తెలుగేమో పాతది, మా తాతలు ఓడెక్కి మలయా రబ్బరు తోటలకి పోయినప్పుడు వెంట తీసుకెళ్ళిన తెలుగే మా ఇంట్లో ఇంకా నడుస్తోంది, కాబట్టి ఎక్కడైనా తేడాగా వినిపిస్తే నవ్వుకోండి గానీ మధ్యలో లేచి వెళ్ళిపోకండి!

కిందటేడు ఇదే రోజుల్లో నేను బతికున్నానంటే బతికున్నాను, అంతే. మలేషియా నుంచి గుంటూరుకి ఇంజనీరింగు చదవడానికి వచ్చినవాణ్ణి, చదువు చివరికొచ్చింది, పరీక్షల భయం లేదు, కానీ ఏదో ఒక ఫ్యాక్టరీలో కొన్ని నెలలు పని నేర్చుకుని వాళ్ళ చేత సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే పట్టా ఇస్తామన్నారు. ఆ పని దొరక్కపోతే పట్టా లేదు, నేనిక్కడ ఉండే గడువు ఏడాదికి మించి లేదు, పట్టా లేకుండా తిరిగి వెళితే మా నాన్న తెల్లవారకముందే లేచి రబ్బరు చెట్లకి గాట్లు పెట్టే ఆ తోటలోనే నాకూ ఒక కత్తి చేతికిస్తారు. మా నాన్న నన్ను ఇంత దూరం పంపింది అందుకు కాదు కదండీ!

నా క్లాసువాళ్ళందరికీ వారం తిరక్కుండానే చోట్లు దొరికిపోయాయి. ఒకడికి మామయ్య నూలు మిల్లులో ఉన్నాడు, ఇంకొకడికి బాబాయి సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్నాడు, ఎవరూ లేనివాడికి కూడా వదినగారి అన్నయ్య ఎక్కడో ఒకచోట ఉన్నాడు! నేను మాత్రం పత్తి మిల్లుల చుట్టూ, నూనె మిల్లుల చుట్టూ సైకిలు తొక్కుకుంటూ తిరిగాను. ఏ గేటు దగ్గరైనా మొదటి ప్రశ్న ఒకటే, "ఎవరబ్బాయివి?" మలేషియా అనగానే వాచ్‌మన్ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "విదేశాలవాడంటే పోలీసుల గొడవ, మా అయ్యగారు ఒప్పుకోరు, పోవయ్యా" అనేవాడు. నా మార్కులు ఎన్నో ఒక్కరు కూడా అడగలేదు. మిరపకాయల గోదాముల మీదుగా గదికి వచ్చేటప్పుడు కళ్ళు కారిపోతుంటే ఎవరైనా చూస్తే ఘాటు అని చెప్పుకునేవాణ్ణి, నిజం చెప్పాలంటే కొన్నిసార్లు ఘాటే, కొన్నిసార్లు కాదు.

నాకు కోపం తొందర, దేవుని దగ్గర కూడా దాచుకోలేను. ఒక రోజు గదిలో మోకరించి గట్టిగానే అడిగేశాను. "ప్రభువా, ఇంతమందికి ఇన్నిన్ని మామయ్యల్ని ఇచ్చావే, నాకొక్కణ్ణి ఇస్తే నీ సొమ్మేం పోయింది? నన్ను సముద్రం దాటించింది ఈ గేట్ల దగ్గర నిలబెట్టడానికా?" అలా అడిగినందుకు తర్వాత భయపడ్డాను, కానీ ఆయన విన్నాడు, దేవునికే మహిమ!

ఆ ఆదివారమే మన సంఘంలో కోత పండుగ. అంతకుముందు ఏళ్ళల్లో నేను హాస్టల్లోనే ఉండిపోయేవాణ్ణి కాబట్టి ఇక్కడి పద్ధతి నాకేమీ తెలియదు. వచ్చి చూస్తే బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఒక మిరపకాయల బస్తా, తొలి తీత పత్తి మూట! వేలం వేసి ఆ సొమ్ము మందిరానికి ఇస్తారన్నారు. నా దగ్గరేముంది ఇవ్వడానికి? లేచి నిలబడి పాస్టరుగారితో, "అయ్యగారూ, నాకు కోడి లేదు, కాయ లేదు, ఎవరింట్లోనైనా మిషను ఏది పాడైనా బాగుచేసి పెడతాను, అదే నా కానుక" అన్నాను. అయ్యగారు సంతోషించి నా కానుకనే మొదట వేలానికి పెట్టారు.

వేలంపాటలో ఒక మాస్టారు పాడుకున్నారు, పాడుకుని, "మళ్ళీ పాటకి పెట్టండి" అన్నారు. తర్వాత మిరపకాయల వ్యాపారం చేసే ఒకాయన పాడుకున్నారు, ఆయనా అదే మాట. కుట్టుమిషను ఉన్న ఒక అక్క పాడుకుంది, హమ్మయ్య అనుకునేలోగా ఆమె కూడా మళ్ళీ పెట్టమంది! నా మొహం మాడిపోయింది సహోదరులారా! మిల్లులవాళ్ళకి నేనక్కర్లేదు, చివరికి ఊరికే పనిచేసి పెడతానన్నా దేవుని మందిరంలో ఒకరి మీదనుంచి ఒకరి మీదకి నెట్టేస్తున్నారు అనుకుని, వెనకనుంచి జారుకుని వరండాలో చెప్పుల పక్కన కూర్చున్నాను.

అప్పుడు మార్తమ్మగారు బయటికి వచ్చారు. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, అప్పటికి నాకు మొహం తెలుసుగానీ ఎన్నడూ మాట్లాడలేదు. "ఏరా అబ్బాయ్, చివరికి నిన్ను పాడుకున్నది నేను, నువ్వు ఇక్కడికొచ్చి కూర్చున్నావేం?" అన్నారు. నా బాధ చెబితే పకపకా నవ్వారు. "ఓరి పిచ్చోడా, నచ్చిందాన్నే డబ్బు కట్టి మళ్ళీ పాటకి పెడతారురా, అలా పెట్టినకొద్దీ కానుక పెరుగుతుంది. అదుగో విను, గుమ్మడికాయక్కూడా అదే మర్యాద జరుగుతోంది!" నిజమే, లోపల ఒక్క గుమ్మడికాయని ఊరంతా కొంటున్నారు, ఎవరూ తీసుకుపోవడం లేదు. అన్ని నెలల తర్వాత ఆ రోజే నాకు నవ్వొచ్చింది.

మర్నాడు నేను వాళ్ళింట్లో టేబులు ఫ్యాను బాగుచేస్తుంటే మొహం అలా ఉందేమని ఆవిడ అడిగారు, పని దొరకని సంగతి చెప్పాను. అన్నం పెట్టారు, పెట్టి చీర మార్చుకుని, రిక్షా పిలిచి, నన్ను రెండుసార్లు వెనక్కి పంపిన పత్తి మిల్లుకే తీసుకెళ్ళారు! వాచ్‌మన్ లేచి నమస్కారం పెట్టాడు. ఆ మిల్లు యజమాని భార్యకి అన్ని కాన్పుల్లోనూ పురుడు పోసింది ఈవిడేనట! వాళ్ళు హిందువులు, దేవుడు వాళ్ళనీ చల్లగా చూడాలి, ఆ యజమాని, "సిస్టరుగారూ, ఎవరండీ ఈ అబ్బాయి?" అని అడిగితే ఆవిడ తడుముకోకుండా, "మావాడే, పని నేర్పించు నాయనా, పోలీసు కాగితాలకి నేను పూచీ" అన్నారు. అంతే! ఆ సాయంత్రమే గింజ తీసే మిషన్ల దగ్గర తలనిండా, ఒళ్ళంతా దూదితో నిలబడ్డాను, పక్కనున్న కూలీలు ముసలాడివైపోయావంటూ ఏడిపించారు, నేను మాత్రం ఎగిరి గంతెయ్యాలన్నంత సంతోషంలో ఉన్నాను.

పని ముగిసింది, సర్టిఫికెట్ వచ్చింది, పట్టా చేతికొచ్చింది, మా దేశంలో పామాయిలు మిల్లులో ఉద్యోగం ఖాయమైంది. గుండెల మీద బండ దిగిపోయినట్టుంది! వచ్చే వారం నా ప్రయాణం.

ఈ ఏడు మన కాలేజీకి వేరే దేశాల నుంచి వచ్చిన తమ్ముళ్ళు వెనక బల్లమీద ఉన్నారు, మీరూ పని వెతుకుతున్నారని నాకు తెలుసు. తమ్ముళ్ళారా, దేవుణ్ణి నమ్మండి, గట్టిగానే అడగండి, ఆయన నొచ్చుకోడు. అడిగాక గది తలుపులేసుకుని మాత్రం కూర్చోకండి, మనుషుల్లోకి రండి, ఎందుకంటే ఆయన నాకిచ్చిన జవాబు ఆకాశం నుంచి ఊడిపడలేదు, తెల్లచీర కట్టుకుని ఆ మూడో బల్లమీద కూర్చుని, ఇక చాలు దిగరా అని ఇందాకటినుంచీ నాకు సైగ చేస్తోంది! దేవునికే మహిమ కలుగును గాక, ఆమేన్.