నూట అయిదు నంబరు ఇంటికి దారి

మా అమ్మాయి నవ్యకు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. ఈ ఏడు స్కూలు తెరిచినప్పటి నుంచి లెక్కల పీరియడ్ ఉన్న ప్రతిరోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటోంది. నూట అయిదు రాయమంటే 15 రాస్తుంది. మూడువందల రెండంటే 32. పక్కన కూర్చుని యాభైసార్లు రాయించాను. ఒకరోజు ఓపిక నశించి చెంప మీద కొట్టాను కూడా. వచ్చేవారం పరీక్షలోనూ ఇలాగే రాస్తే మళ్ళీ రెండో తరగతిలో కూర్చోబెడతామని స్కూలువాళ్ళు కబురు పంపారు. నా ఆఫీసులో పనిచేసే రోజలిన్‌ది బంగారు గనుల ఊరు కేజీఎఫ్. "మా ఊర్లో స్టెల్లా టీచర్ ఉండాది. రిటైరైనా పిల్లోళ్ళని వదల్లేదు. ఒకసారి పిల్చుకొని పో" అంది.

శనివారం ఉదయం ఏడు దాటాక కృష్ణరాజపురం స్టేషన్‌లో మారికుప్పం ప్యాసింజరు ఎక్కాము. టికెట్టు ఖర్చు ఇంటి నుంచి స్టేషన్‌కి వచ్చిన ఆటోలో సగం కూడా కాదు. వెళ్ళాలనుకునేవాళ్ళు బండి టైము ముందురోజే చూసుకోండి. ఒకటి తప్పితే తర్వాతిదానికి చాలాసేపు ఆగాలి. మాలూరు దాకా నిలబడి, అక్కడ కాస్త ఖాళీ అయ్యాక కిటికీ పక్క చోటు సంపాదించాము.

టేకల్‌లో రాళ్ళగుట్టలు కనబడగానే నవ్య ముఖం కిటికీకి ఆనించింది. అక్కడ చామంతి బుట్టతో ఎక్కినావిడ మా ఎదుట కూర్చుని, "ఎన్నో క్లాసు పాపా?" అని అడిగింది.

"మూడు."

"అట్లయితే ఈ బుట్టలో ఎన్ని మూరలు ఉండాయో లెక్కబెట్టి చెప్పు చూస్తాం."

ఆవిడ సరదాకే అడిగింది. నవ్య మాత్రం నా చున్నీ లాక్కుని మొహం కప్పుకుంది. బంగారపేట వచ్చినా తియ్యలేదు. అక్కడ బండి ఆగినప్పుడు ఇడ్లీ పొట్లం కొని, చున్నీ కిందనుంచే చేతికిచ్చాను.

పది గంటలకు కేజీఎఫ్‌లోని చాంపియన్ స్టేషన్‌లో దిగాము. బంగారం తీసేశాక మిగిలిన గని మట్టి పోసిన బూడిదరంగు సయనైడ్ దిబ్బల పక్కనుంచి నడిస్తే పావుగంటలో గని కార్మికుల లైన్ ఇళ్ళు వస్తాయి. అన్నీ ఒకే రకం ఇళ్ళు. తలుపుల మీద తెల్లరంగుతో రాసిన నంబర్లే తేడా. స్టెల్లా టీచర్ గుమ్మంలోనే నిలబడి ఉంది. పొట్టి మనిషి, నెరిసిన జడ. నాకు టీ, పాపకు పాలు ఇచ్చింది. లెక్కల మాటే ఎత్తలేదు. ఒక మురుకుల డబ్బా తెచ్చి నవ్య చేతిలో పెట్టింది.

"నూట ఐదో నంబరింట్లో నా చెల్లెలు ఆగ్నెస్ ఉండాది. ఇది ఇచ్చి, భోజనానికి రమ్మని చెప్పల్ల. నంబరు మర్చిపోకుండా చీటీ మీద రాసుకోమ్మా."

నవ్య 15 అని రాసింది. నేను నోరు తెరవబోతే టీచర్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పాప ముందు, మేము నాలుగడుగుల వెనక. కింది లైన్లో 15 రాసిన తలుపు కొట్టింది. బనీనుతో ఒక పెద్దాయన వచ్చాడు.

"ఆగ్నెస్ ఆంటీ ఉన్నారా?"

"ఆగ్నెసా? ఈడ నేనొక్కణ్ణే అమ్మా ఉండేది. నీకు ఏ నంబరు కావల్ల?"

"నూట అయిదు."

"ఇది పదైదు కదమ్మా. నూట ఐదు పైలైన్లో, కడాకి ఉండాది."

నవ్య చీటీ చూసుకుంది, తలుపు చూసింది, పైలైనుకు నడిచింది. ఆ చివరింటి ముందు ఆగి, తలుపు కొట్టకుండా 105 వైపే చూస్తూ నిలబడింది.

"మధ్యలో సున్నా ఎందుకు పెట్టారు? సున్నా అంటే ఏమీ లేదు కదా."

"ఎవరు చెప్పినారు అట్ల?" అని టీచర్ అడిగింది.

"అమ్మ."

నిజమే. ఒకటో తరగతిలో నేనే చెప్పాను. ఏమీ లేనిదాన్ని రాయడం ఎందుకని పిల్ల వదిలేస్తోంది. యాభైసార్లు రాయించాను గానీ ఎందుకు అలా రాస్తున్నావని ఒక్కసారీ అడగలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం రాగి ముద్ద, పప్పుచారు తిన్నాక టీచర్ చీపురుపుల్లలు తెచ్చింది. పదేసి పుల్లలకు ఒక కట్ట, పది చిన్న కట్టలకు ఒక పెద్ద కట్ట. మూడు పళ్ళాలు వరసగా పెట్టి, నూట అయిదు పుల్లలు సర్దమంది. నవ్య మొదటి పళ్ళెంలో పెద్ద కట్ట పెట్టింది, చివరిదాంట్లో అయిదు పుల్లలు. మధ్య పళ్ళెం ఖాళీ. పలక మీద రాయమంటే మళ్ళీ 15 రాసింది. టీచర్ పళ్ళాల మీద తువ్వాలు కప్పి, భోజనానికి వచ్చి వంటింట్లో ఉన్న ఆగ్నెస్‌ను కేకేసింది.

"ఇంగ ఇది చదువు చెల్లీ."

ఆగ్నెస్ పలక చూసి, "పదైదు" అంది.

"కాదు! నూట అయిదు!" నవ్య అరిచింది.

"దానికెట్ల తెలస్తాది? అది కట్టలు చూళ్ళేదు కదా. నీ అంకెలే చూసింది."

నవ్య పలక ఒళ్ళో పెట్టుకుంది. తువ్వాలు ఎత్తి చూసింది, మళ్ళీ కప్పింది. తర్వాత అయిదును చెరిపి, కొంచెం దూరంగా జరిపి రాసి, మధ్యలో సున్నా పెట్టింది.

"ఇక్కడ ఒక పళ్ళెం ఉంది, దాంట్లో ఏమీ లేవు. అది చెప్పడానికి" అంది.

అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటు. నూట యాభై రాయమంటే మళ్ళీ 105 రాసింది. సున్నా ఎప్పుడూ మధ్యలోనే ఉండాలని కొత్త నియమం పెట్టుకుంది. నేను నీరసపడ్డాను. టీచర్ పకపకా నవ్వింది.

"పొద్దున రాసిండే తప్పు వేరే, ఇది వేరే. బిడ్డ ముందుకి పోతా ఉండాది. తప్పని వెంటనే చెప్పొద్దమ్మా. ఎట్ల వచ్చె అని అడుగు. చెప్పేలోపల సగం అదే దిద్దుకుంటాది."

పరీక్ష సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మార్కులు సగానికి కొంచెం పైన వచ్చాయి. నవ్యను మూడో తరగతిలోనే ఉంచారు.

అయిదు గంటల బండికి తిరుగు ప్రయాణం. టీచర్ ఇచ్చిన మామిడికాయ పచ్చడి సీసా సంచిలో ఒక పక్కకు ఒరగకుండా పట్టుకుని కూర్చున్నాను. బంగారు గనుల ఊరికి వచ్చి గని వైపు తొంగి కూడా చూడకుండా వెళ్ళిపోతున్నాము. ఒక చిన్నపిల్ల తలలో ఆలోచన ఎలా నడుస్తుందో మాత్రం మొదటిసారి దగ్గరగా చూశాను. ఆ పిల్ల నాదే కావడం వల్ల ఆశ్చర్యం, సిగ్గు రెండూ కలిగాయి.

మాలూరు దాటాక నవ్య నా మోకాలు తట్టింది. "అమ్మా, ఒక నంబరు చెప్పు."

"రెండువందల ముప్పై" అన్నాను.

కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో 203 రాసింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాను.

"ఎట్లా వచ్చింది?"

"రెండు పెద్ద కట్టలు. చిన్న కట్టలు మూడు..." అంటూనే ఆగింది. అరచేత్తో తుడిచేసింది. నెమ్మదిగా రెండు, మూడు రాసి, చివర గుండ్రంగా సున్నా చుట్టి, నా వైపు చూడకుండానే అంది:

"ఇంకోటి చెప్పు. ఈసారి పెద్దది."