మెట్ల కింద గది

ఆ వీధిలో ఆమె అసలు పేరు చెప్పమంటే ఇరుగుపొరుగువాళ్ళు బుర్ర గోక్కుంటారు. టేపక్క అంటే మాత్రం వీధి మొదట్లోనే ఎవరో ఒకరు ఇల్లు చూపిస్తారు. కొలతల టేపు ఆమె మెడలోంచి దిగగా చూసినవాళ్ళు లేరు. గిన్నెలు తోముతున్నా, అత్తగారి మోకాలికి కాపడం పెడుతున్నా ఆ టేపు రెండు కొసలూ ఊగుతూనే ఉంటాయి. ముందుగదే ఆమె దుకాణం. మిషను, కత్తిరింపు బల్ల, ఇస్త్రీపెట్టె, ఓ మూల కర్టెను కట్టిన ట్రయల్ రూము. పొద్దున్న లేచింది మొదలు "టేపక్కా" అని ఒకరు, "ఏమే" అని ఒకరు, "అమ్మాయ్" అని ఒకరు. ఈ పిలుపులన్నిటికీ ఒకేసారి పలకగల మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

ఆ పిలుపులవల్ల ఆమెకొక నష్టం జరుగుతోంది. చెప్పుకుంటే నవ్వుతారని చెప్పుకోలేదు గానీ, ఆమెకది చిన్న నష్టం కాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన ప్రార్థన ఒకటుంది. నిదానంగా చెప్పుకుంటే చొక్కాకి చేతులు అతికేంత సేపు పడుతుంది. పెళ్ళయిన దగ్గర్నించీ రోజూ మొదలుపెడుతూనే ఉంది, ఒక్కరోజూ చివరిదాకా వెళ్ళలేదు. సగంలో ఎవరో పిలుస్తారు, లేస్తుంది, మర్నాడు మళ్ళీ మొదటినుంచి. అలా మొదటి మాటలు అరిగిపోయాయి, చివరి మాటలు జారిపోతున్నాయి. అమ్మ పోయింది. ఆ మాటలు అడిగి తెలుసుకోవడానికి ఇంకెవరూ లేరు.

దానికి తోడు కుడిభుజం. ఒకరోజు కోటు గుడ్డ కత్తిరిస్తుండగా వేళ్ళు మొద్దుబారి, కత్తెర గీత దాటి వీపు ముక్కలోకి అడ్డంగా దిగింది. ఇన్నేళ్ళ పనిలో అలాంటిది ఎన్నడూ జరగలేదు. డాక్టరమ్మ భుజం అటూ ఇటూ వంచి చూసి, "పొద్దున్నే పని మొదలెట్టకముందు వేడినూనె రాసుకుని, ఈ కసరత్తులు చేసి, కాసేపు కళ్ళు మూసుకుని ఊరికే కూర్చోవాలి. రోజూ. లేదంటే ఈ చెయ్యి కత్తెర పట్టదు," అంది.

"ఎక్కడ కూర్చోను?" అని అడిగింది టేపక్క.

డాక్టరమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "మీ ఇంట్లోనే," అంది.

దారి పొడుగునా టేపక్క తన ఇంటిని మనసులోనే కొలుచుకుంటూ వచ్చింది. ముందుగది వచ్చేపోయే జనానిది. హాలు అత్తగారి మంచానిది. పడగ్గది ఆయన గురకది. వంటగదిలో కూర్చుంటే ఎవరికో ఒకరికి టీ గుర్తొస్తుంది. మిగిలింది ముందుగది పక్కనే మెట్ల కింద చోటు. అది ఆయనగారి రాజ్యం. ఆయన ప్లంబరు. ఎవరింట్లో పాత కుళాయి విప్పినా పారేయడానికి మనసొప్పదు. తెచ్చి మెట్ల కింద పడేస్తాడు.

"ఇవన్నీ తీసెయ్యాలి," అందామె ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా.

"పనికొస్తాయే."

"ఎప్పుడు?"

"ఎప్పుడో ఒకప్పుడు."

"ఆ రోజొచ్చినప్పుడు చూసుకుందాం గానీ, ఇప్పుడు ఇటో చెయ్యి వెయ్యండి."

వేశాడు. ఆమె గొంతు అలా ఉన్నప్పుడు ఎదురు చెబితే తిండికి తిప్పలని అతనికి అనుభవం. ఆ చోటు ప్రార్థనకి కూర్చోడానికని విని, మంచం మీంచి అత్తగారు మాత్రం ఊరుకోలేదు.

"దేవుణ్ణి తలుచుకోడానికి గది కావాలా అమ్మాయ్? మేము పొయ్యి ఊదుకుంటూ తలుచుకున్నాం. ఆయన వినలేదా?"

"ఆయన వింటాడత్తయ్యా. నేనేం చెప్తున్నానో నాకే వినపడట్లేదు," అంది టేపక్క, ఎడం చంకలో తుప్పు పైపులు ఇరికించుకుని.

గోడలు గీకి తెల్లసున్నం వేసింది. నేల రెండుసార్లు కడిగింది. నూనె సీసాకి ఓ చిన్న అర కొట్టించింది. మిగిలిపోయిన గుడ్డముక్కలన్నీ కలిపి దిండు కుట్టుకుంది. తన ఒంటికి సరిపోయేలా కొలుచుకుని, తనకోసం, మధ్యలో వదిలెయ్యకుండా పూర్తిచేసిన కుట్టు అదొక్కటే కాబోలు. అంతా అయ్యాక లోపల ఓ కొక్కెం, ఓ నిలువుటద్దం తగిలించి, గుమ్మానికి మందపాటి కర్టెను కట్టింది. సరిగ్గా అక్కడే పప్పులో కాలేసింది. నలుగురి కళ్ళూ పడని చోటంటే ఆ చేతులకి తెలిసిన రూపం అదొక్కటే మరి.

మొదటిరోజు నూనె రాసుకుని, కళ్ళు మూసుకుని సగం ప్రార్థన దాకా వచ్చిందో లేదో, కర్టెను సర్రున జరిగింది. చేతిలో కొత్తగా కుట్టించుకున్న గౌనుతో స్కూలు హెడ్మిస్ట్రెస్ నిలబడి ఉంది.

"అయ్యో, నువ్వున్నావా లోపల? పర్లేదులే టేపక్కా, అటు తిరిగి కూర్చో. ఒక్క క్షణంలో వేసుకుని చూసుకుంటాను."

టేపక్క అటు తిరిగి కూర్చుంది. అంతటితో ఆగిందా అంటే, "నడుం దగ్గర పట్టేస్తోంది, చూడు," అనగానే లేచి గుండుసూదులు కూడా పెట్టింది. తర్వాతి రోజుల్లో ఇంకొందరొచ్చారు. ఇంతకాలానికి విశాలమైన ట్రయల్ రూము కట్టించావని మెచ్చుకుని మరీ వెళ్ళారు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. వాళ్ళమీద కాదు, తనమీదే. తనకో గది కట్టుకోబోయి వెర్రిబాగులదానిలా దుకాణానికి ఇంకో గది కట్టింది. ఆ సాయంత్రమే అద్దం పీకేసింది, కొక్కెం పీకేసింది, కర్టెను మడిచేసి "నాకు తలుపు కావాలి," అంది మొగుడితో. పని చేసే ఇంట్లోంచి అతనొక పాత తలుపు మోసుకొచ్చి, మెట్ల వాలుకి తగ్గట్టు కోసి బిగించాడు. చూస్తే గడియ బయటివైపు ఉంది.

"గడియ బయట పెట్టారేంటండీ?"

"స్టోరు రూముకి బయటే కదా పెట్టేది?"

"లోపలుండేది పైపులు కాదు. నేను."

అతను స్క్రూడ్రైవరు తెచ్చాడు. గడియ స్క్రూలు విప్పి లోపలివైపు బిగించాడు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. తలుపు అవతల ఎవరు పిలిచినా ఆమె కాళ్ళు వాటంతటవే లేవబోయేవి. "ఏమే, నా స్పానరెక్కడ?" ఈ తలుపు మూసుంటే నేను ఊళ్ళో లేనట్టే అనుకోండని అందరికీ చెప్పింది. చెప్పడం తేలిక, లేవకుండా ఉండటమే యాతన. రెండు చేతులతో మోకాళ్ళు నేలకి అదిమిపట్టి, పళ్ళు బిగించి కూర్చునేది. స్పానరు దానంతటదే దొరికింది. దొరుకుతుందని ఇన్నాళ్ళూ ఆమెకే తెలియలేదు.

అలా ఒకరోజు ప్రార్థన చివరికొచ్చింది. ఆఖరి మాటలు రావేమోనని భయపడింది. ఒక్కొక్కటే వచ్చాయి, ఒక్కటీ తప్పిపోలేదు. ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఎవరూ చూడలేదు. అది కూడా ఆ తలుపు చలవే.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఆమె తలుపు తీసేసరికి ఎదురుగా అత్తగారు, చేతికర్ర మీద వాలి.

"అమ్మాయ్, రేపట్నించి నేనూ వస్తా. నీ పక్కన కూర్చుంటా. నోరెత్తనులే. హాల్లో కూర్చుంటే వచ్చేపోయే ప్రతివాడూ పలకరించేవాడే."

పాత టేపక్క అయితే ఆపాటికి పక్కకి జరిగి చోటిచ్చేసేది. ఈమె గుమ్మంలోనే నిలబడింది.

"కుదరదత్తయ్యా," అంది. ముసలావిడ మొహం చిన్నబోయింది. "ఇది నా ఒక్కదానికోసం కట్టుకున్నాను. మీకు వేరే కడదాం. ఎక్కడ కావాలో చెప్పండి."

"ఎక్కడైతేనేంలే. ఏదో ఒక మూల."

"ఏదో ఒక మూల కాదు. మీకెక్కడ కావాలి?"

అత్తగారు కర్ర మీద ఇంకాస్త వాలింది.

"నాకేం తెలుసమ్మా? పుట్టింట్లో నాన్న చూపించిన చోట పడుకున్నా. ఇక్కడ మీ మావయ్యగారు చూపించిన చోట. ఇప్పుడు మీరు మంచం వేసిన చోట. ఇంత వయసొచ్చింది, ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు."

టేపక్క సాయం చెయ్యలేదు, ఫలానా చోటు బాగుంటుందని చెప్పలేదు. ముసలావిడ కర్ర తాటించుకుంటూ ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది. ప్రతి గదిలోనూ నిలబడింది, గోడలు తడిమింది, ఎండ ఎటునుంచి వస్తోందో చూసింది. చిట్టచివరికి హాల్లో పెద్ద కిటికీ దగ్గర ఆగి, కర్రతో నేలమీద గట్టిగా కొట్టింది.

"ఇక్కడ. వెలుగొస్తుంది."

టీ గ్లాసు పట్టుకుని అటే వస్తున్న కొడుకు ఠక్కున ఆగిపోయాడు. "అమ్మా, అక్కడ టీవీ ఉంది."

"కనపడుతూనే ఉందిరా," అంది ముసలావిడ. "తియ్యి."