అలీ పక్షం హాతీరాం

హాతీరాం నోటి నుంచి 'మీరు' అన్న మాట వినాలని జూలూరుపాడు సెంటర్లో ఎదురుచూసి విసిగిపోయినవాళ్లు బోలెడుమంది. పోలీసు వచ్చినా నువ్వే, పూజారి ఎదురైనా నువ్వే, ఓట్ల కోసం జీపు దిగిన నాయకుడైనా నువ్వే. పొగరు కాదు మహాప్రభో! మనిషి లంబాడీ తండాలో పుట్టి పెరిగినవాడు. వాళ్ల భాషలో కన్నతల్లినీ 'తూ' అంటారు, దేవుణ్ణీ 'తూ' అంటారు. తెలుగు పట్టుబడ్డాక ఆ 'తూ' కాస్తా 'నువ్వు' అయింది. అమ్మకూ దేవుడికీ సరిపోయిన మాట ఎమ్మార్వోకు చాలదంటే ఆయనకు నవ్వొచ్చేది.

పనేమో హమాలీ. నిండు మిరప బస్తా వీపున వేసుకుని బల్ల మీదుగా లారీ ఎక్కుతుంటే చూసేవాళ్లకు ఆయాసం వచ్చేది గానీ ఆయనకు రాదు. హమాలీల ముఠాకు ఆయనే పెద్ద. చుట్టుపక్కల కల్లాలన్నిటిలోకీ వెంకటరామారావు కల్లం పెద్దది. వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి అడవి అంచున భూములు కొంటే, కొడుకు మిరప పండించి మేడ కట్టాడు. మేడ మనిషినీ తండా మనిషినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టిన ఘనత మాత్రం బాక్సింగుది.

డెబ్బై నాలుగులో బాక్సర్ అలీ ఆఫ్రికా వెళ్లి ఫోర్‌మన్‌ను పడగొట్టిన వార్తను భారతమ్మ హోటల్లో వెంకటరామారావే పేపరు విప్పి చదివాడు. చదివి ఊరుకోలేదు, పాత ముచ్చట ఒకటి కలిపాడు. అలీ పేరు మార్చుకున్నాక, ఆ కొత్త పేరు పలకనన్నవాడొకడు బరిలో దొరికాడట. ఒక్కో గుద్దుకూ "నా పేరేంటి? చెప్పు, నా పేరేంటి?" అని అడుగుతూ వాయించాడట. బస్తా దించి చెమట తుడుచుకుంటున్న హాతీరాం అక్కడే కూలబడ్డాడు. "ఆ మాట ఇంకోపాలి చెప్పు" అన్నాడు. ఆ పూట నుంచి ఆయన అలీ పక్షం.

ఇక వీళ్లు పెట్టుకున్న పోటీలు చూడాలి! ఒక్కటీ లోకంలో జరిగింది కాదు, జరగబోయేదీ కాదు. ముందు పాతకాలపు జో లూయిస్‌కీ అలీకీ పెట్టారు.

"పన్నెండేళ్లు కిరీటం దించని మొనగాడురా లూయిస్. నీ అలీ గంతులు ఆయన ముందు సాగవు" అనేవాడు వెంకటరామారావు.

"దొరికినోణ్ణి గదా కొడతడు. దొరకనోణ్ణి ఎట్ల కొడతడు? నిలబడ్డోని మీద బస్తా పడతది, కదిలేటోడు మోస్తడు. నన్నడుగు, చెప్త."

ఏళ్లు గడిచి టైసన్ వచ్చాడు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే పడగొడుతుంటే వెంకటరామారావు లూయిస్‌ను వదిలేసి టైసన్ వైపు దూకాడు. హాతీరాం మాత్రం కదల్లేదు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. వెంకటరామారావు టీవీలో చూసి వచ్చి రింగు నలుచదరంగా ఉంటుందని చెప్పినా నమ్మలేదు. "నాలుగు మూలలుంటే రింగెట్లయితది? టీవీవోడు నీకు అబద్ధం చూపెట్టిండు" అని కొట్టిపారేశాడు.

"చచ్చినవాణ్ణీ, ముసలివాణ్ణీ, పడుచువాణ్ణీ తెచ్చి నా హోటల్లోనే కొట్టిస్తున్నారు గదయ్యా! నా గ్లాసులకు పూచీ ఎవరు?" అని భారతమ్మ మొత్తుకునేది. మొత్తుకుంటూనే ఇద్దరికీ టీ పోసేది.

అలా పదిహేనేళ్లు నడిచింది. నడుస్తూనే ఉండేది కూడా. ఎనభై తొమ్మిది మిరప కోతల్లో వెంకటరామారావు కొత్తగా వచ్చిన ఎమ్మార్వోను టీకి తీసుకురాకపోతే.

ఎమ్మార్వో పక్కనుండేసరికి వెంకటరామారావుకు హుషారెక్కింది. "పోయినేడాది ఒకణ్ణి ఒకటిన్నర నిమిషంలో పడుకోబెట్టాడండీ టైసన్. వాడి ముందు అలీ ఒక రౌండు కూడా ఆగడు" అన్నాడు.

పక్క బెంచీ మీద నుంచి హాతీరాం అందుకున్నాడు. "ఏయ్, నువ్వెప్పుడూ గంతే! టైసన్ మొదటి రౌండులనే తన దమ్మంత అవగొడతడు. అలీ వాణ్ణి తిప్పి తిప్పి అలుపు తెప్పిస్తడు. నీకేం తెలుసు, నువ్వు బస్తా మోసినవా?"

ఎమ్మార్వో నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు వెంకటరామారావుకు చెంపదెబ్బయింది.

"ఒరేయ్! పెద్దమనుషుల ముందు నువ్వేంట్రా నువ్వు? మీరు అను."

"నా నోటికి రాదు."

"రప్పించుకో. మీరు అన్ననాడే కల్లంలో అడుగుపెట్టు. అనకపోతే నీ ముఠాకు ఇంకో పెద్దను చూసుకుంటా."

హాతీరాం లేచి నిలబడ్డాడు. ఆయన లేస్తే ఎదుటివాడు తలెత్తి చూడాల్సిందే.

"పదిహేనేండ్ల సంది ఒరేయ్ అంటవ్, హాతీ అంటవ్, పలుకుతనే ఉన్న. సరే, నువ్వు హాతీరాం గారు అను. ఆనాడే నేను మీరు అంట. దానికి ముందు అన."

"నీకు గారా!" అని వెంకటరామారావు పకపకా నవ్వాడు. హాతీరాం తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తండా దారి పట్టాక కోపం దిగి భయం పట్టుకుంది. మిరప పని పోతే ఏడాదంతా ఏం తినాలి? కూతురు చాంది దవాఖానాలో నర్సు. తల్లి లేని పిల్ల, నౌకరి వచ్చి నిండా ఏడాది కాలేదు. కబురు ఆయన కంటే ముందే ఇంటికి చేరిపోయింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు బాపూ. ఒక్క మాటంటే నోరేమన్న అరుగుతదా? నేను అందర్ని మీరు అంటలేనా?"

"మరి నిన్నేమంటరు వాళ్లు?"

చాంది పళ్లెం కడుగుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"ఏ పిల్లా అంటరు."

"నీ చేతుల సూది ఉన్నప్పుడు గూడనా?"

"అవ్. అప్పుడు గూడ."

హాతీరాంకు కడుపు మండిపోయింది. చదువుకుంటే, తెల్లచీర కట్టి సర్కారు నౌకరి చేస్తే లోకం పిల్లకు గౌరవం ఇస్తుందని నమ్మి, ఆ నమ్మకంతోనే ఇన్ని బస్తాలు మోశాడు. "అయితే ఇగ అననే అన. ఇద్దరం గంజి తాగి బతుకుదాం" అన్నాడు. ఆ పూట చాంది తండ్రికి ఎదురుగా కూర్చుని ముద్ద ముట్టకుండా లేచిపోయింది.

మర్నాడు వెంకటరామారావు ముఠాలోని రూప్‌సింగ్‌ను పిలిచి, "నువ్వే పెద్దవు పోరా" అన్నాడు. రూప్‌సింగ్ బీడీ వెలిగించుకుని, "పెద్ద రాంది బస్తా లేవది" అని చెట్టు నీడన చతికిలబడ్డాడు. మిగతావాళ్లూ చతికిలబడ్డారు. మధ్యాహ్నానికి ములకలపల్లి అడవి మీద మబ్బు లేచింది. కల్లం నిండా ఎర్రగా ఎండిన మిరప. ఒక్క జల్లు పడితే రంగు పోయి తాలుకాయ అయిపోతుంది, మార్కెట్లో మొహం చూసేవాడుండడు. కూలీల కోసం పంపిన జీపు నాలుగు ఊళ్లు తిరిగి ఖాళీగా వచ్చింది. ఎవరి కల్లం గోల వాళ్లదే, కూలి మనిషి దొరికితే ఒట్టు.

వెంకటరామారావే తండాకు బయల్దేరాడు. వాకిట్లో నిలబడి, "ఒరే హాతీ!" అని కేకేశాడు.

లోపల మంచం మీద హాతీరాంకు కాళ్లు వాటంతటవే లేవబోయాయి. పదిహేనేళ్ల అలవాటు మరి! మంచం పట్టె పట్టుకుని బలవంతాన కూర్చున్నాడు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన చాంది బయటికి వచ్చింది.

"ఏ పిల్లా, మీ నాన్న లేడా?"

"ఎవరు కావాలె నీకు?" అంది చాంది.

నీకు! అందరినీ మీరు మీరు అని తిరిగే పిల్ల నోట! గడపల్లోకి వచ్చి చూస్తున్న తండా ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెంకటరామారావు మొహం కందగడ్డయింది. నోరు తెరిచాడు. అంతలో అడవి వైపు ఉరిమింది. నోరు మూసుకుని మబ్బు కేసి చూశాడు, మిరప కళ్లలో మెదిలింది.

"హాతీరాం... గారు ఉన్నారా అమ్మా?"

లోపల హాతీరాంకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తువ్వాలుతో గట్టిగా తుడుచుకుని బయటికొచ్చాడు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే నిలబెట్టుకోవాలి. నాలుక ఒకసారి తడబడింది.

"ఉన్న. మీరు... నడవండి. ముఠాను లేపుత. వాన జల్దీ వచ్చేటట్టున్నది." రెండడుగులు వేసి ఆగాడు. "గానొక్కటి. నేను 'మీరు' అన్నంత మాత్రాన టైసన్ గెలుస్తడనుకునేవు... అనుకునేరు. అలీ ముందట వాడు నిలవడు."

"నిలవడులెండి, నిలవడు. ముందు పదండి!" అన్నాడు వెంకటరామారావు, కళ్లు మబ్బు మీదే పెట్టి.

హాతీరాం అంగుళం కదల్లేదు.

"వానకు భయపడి ఒప్పుకుంటే చెల్లదండీ. రేపు బెంచీ మీద కూసోని, నా ముఖం చూసి ఒప్పుకోండి" అని, అప్పుడు కల్లం వైపు నడిచాడు.