వాయిలాకు కట్టు

వావిలి చెట్టంటే చెట్టు కాదు, గుబురు పొద. మా పోచంపల్లి వైపు వాయిలాకు అంటారు. వాగు ఒడ్డున ఎవరూ నాటకుండానే పెరిగేది, మేకలు కూడా మూతి పెట్టేవి కావు. దాని ఘాటు వాసన మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. బాలింత స్నానానికైనా, పడిశానికి ఆవిరి పట్టాలన్నా మా అవ్వ దగ్గరికే వచ్చేవారు. అన్నిటికంటే ఎక్కువగా మోకాళ్ల నొప్పులకు వచ్చేవారు. పొద్దంతా గుంటలో కాళ్లు పెట్టి మగ్గం తొక్కే మా వాడలో మోకాలు బాగున్న మగవాణ్ణి వెతుక్కోవాల్సిందే. అవ్వ ఆకును ఆముదంలో వెచ్చచేసి కట్టేది. మందు ఆకులో కాదు, ఆమె హస్తవాసిలో ఉందని వాడ నమ్మకం. నాకు చిన్నప్పుడే కాస్త అనుమానం ఉండేది కానీ అవ్వ ముందు అనే ధైర్యం లేదు.

నా పదమూడో ఏట అవ్వకు చూపు తగ్గింది. ఒక అమావాస్య నాడు, మగ్గాలకు సెలవు, మా నాయిన మోకాలు వాచి కూర్చున్నాడు. అవ్వ నన్ను పిలిచింది.

"నాకు కండ్లు కనవడ్తలేవు బిడ్డా. ఇయ్యాల్టి సంది నువ్వే కట్టు. తొలి కట్టు ఇంటోళ్లకే కట్టాలె. నాయినకు తగ్గితే నీ చేతికి పేరొస్తది."

నేనప్పటికే చిటికి కట్టేదాన్ని. రంగు ఎక్కకూడని చోట నూలును సైకిలు ట్యూబు పట్టీతో బిగించి చుట్టడమే చిటికి. చుక్క రంగు లోపలికి దిగినా నాయిన కసిరేవాడు. నా వేళ్లకు తెలిసిన కట్టు అదొక్కటే. మోకాలి మీద ఆకు పరిచి, గుడ్డ చుట్టి, పైనా కిందా ట్యూబు పట్టీ లాగి లాగి బిగించాను.

"జర గట్టిగున్నది బిడ్డా."

"గట్టిగుంటేనే నొప్పి గుంజుతది," అన్నాను పెద్ద వైద్యురాలిలా. నాయిన అన్నం తిని నడుం వాల్చాడు.

పొద్దు వాలాక లేవబోయి కూలబడ్డాడు. మోకాలి కింద కాలు నల్లబడి మొద్దుబారింది. అవ్వ తడుముకుంటూ వచ్చి పట్టీలు తెంపింది. చర్మం మీద వరుసగా లోతైన గీతలు పడ్డాయి.

"నూలనుకున్నవా? నెత్తురు పారే కాలది," అంది. నేను ఆ కాలును అరచేతులతో రుద్దుతూ కూర్చున్నాను. కాలికి స్పర్శ వచ్చేసరికి దీపాలు పెట్టారు.

మర్నాడు నాయిన కుంటుతుంటే వాడవాళ్లు ఏమైందని అడిగారు. నిజం చెబితే నా చేయి మంచిది కాదని పేరు పడేది, ఇక ఆకు కోసం ఎవరూ మా గడప తొక్కేవారు కాదు. తలుపు వెనక నిలబడి విన్నాను.

"మగ్గం గుంటల జారిన," అన్నాడు నాయిన.

సొంత గుంటలో జారిన నేతగాడు మా వాడలో అంతకు ముందు లేడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు "గుంట జర చూస్కో" అని ఏడిపించేవారు. పనిలో పేరున్న మనిషి, తనూ నవ్వేవాడు. ఆ నవ్వు వినలేక నేను లోపలికి వెళ్లిపోయేదాన్ని.

ఎనిమిది రోజులకు ఆయనే నా ముందు మళ్లీ కాలు చాపాడు. ముడి వేయబోతుంటే కట్టు కిందికి తన వేలు దూర్చాడు.

"గిది పట్టాలె. గంతే."

ఈసారి నొప్పి తగ్గింది. వాడవాళ్లు ఒక్కొక్కరే నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ప్రతి కట్టుకూ వేలు దూర్చి చూసేదాన్ని.

నాయిన పోయాక ఒకసారి పక్కింటి పెదనాయిన ఆకు కట్టించుకోవడానికి వచ్చాడు. అందరికంటే ఎక్కువ ఏడిపించింది ఆయనే. ఇక దాచలేక, నాయిన గుంటలో జారలేదని, కాలు అట్లా చేసింది నా కట్టేనని చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"గుంటల జారితే కాలు మీద చిటికి అచ్చు పడ్తదా బిడ్డా? మేం చిటికి కట్టెటోళ్లమే గదా. వాడంతకు ఎరుకే," అని మోకాలు నా ముందుకు జరిపాడు.