తోరికా పంచిన ఎండ

ఫిజీలోని లామి ఊళ్ళో వానంటే మామూలు వాన కాదు. పసివాడి చొక్కా ఉతికి తీగ మీద వేస్తే అది ఆరేసరికి వాడికి మీసాలు వచ్చేస్తాయి. అలాంటి చోట ఆరుబయట కాంక్రీటు పోసి బతుకుదామనుకున్న మొనగాడు విలిమోనే అనే తాపీమేస్త్రీ. వాకిలి కానీ, కారు బాట కానీ, అతను తాపీతో ఒక్కసారి నిమిరాడంటే ఆ నేల మీద దుంపలు ఒలుచుకుని తినేయొచ్చు.

కానీ పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా చినుకు పడకూడదు. పడిందా, పైనున్న సిమెంటంతా పాలలా కారిపోయి కంకర పళ్ళికిలిస్తుంది. అందుకే అక్కడ ఎండకాసే రోజంటే బంగారం. ఆ బంగారాన్ని పంచేది మాత్రం విలిమోనే కాదు, అతని పెళ్ళాం తోరికా.

విలిమోనేకి "కాదు" అనే మాట నోరు తిరగదు. ఎవరైనా యంగోనా అనే మొక్క వేళ్ళ కట్ట తెచ్చి ముందు పెట్టి తల వంచితే చాలు, కరిగిపోతాడు. ఆ వేళ్ళు దంచి, నీళ్ళలో పిసికి, అందరూ కలిసి తాగడం తర్వాతి సంగతి. కట్టని తాకి, అరచేతులు దొప్పల్లా చేసి బోలుగా చప్పట్లు కొడితే మాట ఇచ్చేసినట్టే. ఆ చప్పట్లు వెనక్కి తీసుకున్నవాడు ఫిజీ దీవుల్లో ఇంకా పుట్టలేదు. పెళ్ళయిన కొత్తలో విలిమోనే ఒకే రోజుకి నలుగురికి చప్పట్లు కొట్టేశాడు. నలుగురూ పారలు పట్టుకుని ఇంటి మీదికొస్తే మంచం కింద దూరాడు. ఆ పూటే తోరికా అతని ఫోను లాక్కుంది.

ఇక చూడాలి ఆవిడ దర్జా! ఆకాశాన్ని కొంగున కట్టుకున్నట్టు తిరిగేది.

"తోరికక్కా, మా వాకిలి ఎప్పుడమ్మా?"

"మొన్న చర్చిలో నా కొత్త గౌను చూసి మీ ఆవిడ మూతి తిప్పింది కదయ్యా. ఆ మూతి తిన్నగా అయ్యాక ఫోన్ చెయ్యి."

కట్ట పట్టుకుని వచ్చినవాళ్ళని మెట్ల దగ్గరే ఆపేసేది. "అది నీ దగ్గరే ఉంచు నాయనా. ముందు మబ్బు చూడు, తర్వాత నా మొహం చూడు." తిట్టుకునేవాళ్ళు తిట్టుకున్నారు. కానీ ఆవిడ ఒక రోజుని ఇద్దరికి ఇచ్చింది లేదు. విలిమోనే మళ్ళీ మంచం కింద దూరిందీ లేదు.

కొన్నేళ్ళకి షుగరు జబ్బు ముదిరి తోరికా ఎడమ పాదం తీసేశారు. ఆవిడ ఆసుపత్రిలో ఉండగా ఫోను మళ్ళీ విలిమోనే చేతికి వచ్చింది. జనానికి పండగే. ఆవిణ్ణి చూడ్డానికి పళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళకన్నా, ఇంటికి కట్టలు పట్టుకెళ్ళినవాళ్ళు పదింతలు. చప్పట్లు కొట్టీ కొట్టీ అతని అరచేతులు కాయలు కాశాయని లామిలో అంతా చెప్పుకున్నారు.

తోరికా చక్రాల కుర్చీతో తిరిగొచ్చింది. రోడ్డు నుంచి ఇంటి గుమ్మం దాకా ఎర్రమట్టి ఏటవాలు. చక్రం దిగితే ఇరుసుదాకా కూరుకుపోతుంది. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఆవిణ్ణి ఎత్తుకుని జారుతూ దింపారు.

"మెల్లగా దించండ్రా సచ్చినోళ్ళారా! విందుకి మోసుకెళ్ళే పందిననుకున్నారా?" అని అరిచింది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఆవిడకి కావలసింది ఒక్కటే. గుమ్మం నుంచి రోడ్డు దాకా కుర్చీ పట్టేంత కాంక్రీటు బాట. ఎవరి వీపూ ఎక్కకుండా తన చేతులతో తను తోసుకుంటూ బస్సు దాకా, చర్చి దాకా పోవాలి.

"వచ్చే ఎండ రోజు నీదే," అన్నాడు విలిమోనే.

"చప్పట్లు కొట్టి చెప్పు."

"పెళ్ళానికి చప్పట్లేంటే? నువ్వేమన్నా పరాయిదానివా?"

మట్టి చదును చేశాడు. రెండు వైపులా చెక్కలు బిగించాడు. కంకర, ఇసుక, సిమెంటు తెచ్చి పట్టా కప్పాడు. ఆ వెంటనే మొదలైంది వాన. చెక్కల మధ్య నీళ్ళు నిలిచి, పక్కింటి బాతులు వచ్చి కాపురం పెట్టాయి. తోరికా కిటికీలోంచి ఆ బాతుల్ని రోజూ తిట్టేది.

చివరికొక ఉదయం ఆకాశం కడిగిన కంచంలా మెరిసింది. తోరికా తల దువ్వుకుని, చెవి పక్కన పువ్వు దోపుకుని కిటికీ దగ్గర కూర్చుంది. విలిమోనే నీళ్ళు తోడేసి పట్టా తీస్తుండగా వచ్చాడు ఇసికేలీ. తోరికాకి సొంత తమ్ముడు, చర్చి పెద్దల్లో ఒకడు. చేతిలో పసిబిడ్డంత కట్ట.

"ఏం బావా, నీ మొహం చూసే సూర్యుడు ఇన్నాళ్ళూ భయపడి దాక్కున్నాడటగా?"

"నీ అప్పు తీర్చాల్సొస్తుందని దాక్కున్నాడురా బావమరిదీ!"

ఇద్దరూ పకపకా నవ్వారు. బావా బావమరుదులు ఎదురుపడితే అంతే మరి. కానీ తోరికా చెయ్యి కుర్చీ చక్రం మీద బిగుసుకుంది. తమ్ముడు వసారాలో కూర్చుని గొంతు సవరించుకున్న తీరు ఆవిడకి తెలుసు.

"బావా, ఈ ఆదివారం పెద్ద పాస్టరు వస్తున్నారు. చర్చి వాకిలి బురదగా ఉంది. అడగడానికి నోరు రావట్లేదు..."

"వస్తోందిగా!" లోపల్నుంచి అరిచింది తోరికా. "ఒరే ఇసికేలీ, ఇవాళ నాది! తోడబుట్టినదాని కాలు పోయింది, నీ సిగ్గు కూడా దాంతోనే పోయిందా?"

"అక్కా, ఇది దేవుడి పని. నీది ఇంట్లో పని. ఎక్కడికి పోతుంది?"

"ఏవయ్యా, ఆ కట్ట ముట్టుకోకు! నీకే చెప్పేది!"

ఆవిడ కుర్చీ తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చేలోపే వినపడ్డాయి. బోలు చప్పట్లు. మెల్లగా, మర్యాదగా, ఒకదాని వెనక ఒకటి. తోరికా అక్కడే ఆగిపోయింది. చెవి పక్కన పువ్వు తీసి పారేసింది.

ఆవిడ కోసం తెచ్చిన సిమెంటు కూడా చర్చికే పోయింది. ఆ వాకిలి అద్దంలా కుదిరింది. ఆదివారం తనని మోసుకెళ్ళడానికి మనుషులు వస్తే, "పెద్ద పాస్టరుని ఇటు మోసుకు రండి, నా బాతుల్ని దీవిస్తాడు," అని పంపేసింది.

తర్వాత ఆవిడ చేసిన పనిని లామిలో ఇప్పటికీ గుసగుసగానే చెప్పుకుంటారు. కొట్టు నడిపే ప్రేమ్‌లత చేత ఒక యంగోనా కట్ట తెప్పించుకుంది. విలిమోనే భోజనం ముగించి చాప మీద కూర్చున్నాడు. ఆవిడ కుర్చీలోంచి కిందికి దిగి, నేల మీద దేక్కుంటూ వెళ్ళి, ఆ కట్టని మొగుడి ముందు పెట్టి తల వంచింది.

"అయ్యా, నేను పరాయిదాన్ని. ఒక ఎండ రోజు అడుక్కోవడానికొచ్చాను."

విలిమోనే గుమ్మం వైపు చూశాడు. "లెగవే... ఎవరైనా చూస్తారు."

"చూడనీ."

అతను కట్టని తాకి, చప్పట్లు కొట్టాడు. తోరికా మొహం వెలిగింది.

"అయితే వచ్చే ఎండ రోజు నాదేగా?"

విలిమోనే చాప అంచు గిల్లుతూ గొణిగాడు. "నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కొట్టిన చప్పట్లు ఇంకా ఉన్నాయే. వాటి వెనకే నీది. మాట మాటే కదా."

"ఎవరి వెనక?"

"సెమిసీ వెనక."

"వాడికి వాకిలే లేదు కదా. ఏం పోస్తావు?"

అతను కట్టని పక్కకి జరిపాడు. "పందుల దొడ్డికి నేల."

మళ్ళీ ఎండ కాసిన రోజు విలిమోనే తాపీ చేతపట్టుకుని తలొంచుకుని వెళ్ళిపోయాడు. తోరికా కిటికీ దగ్గర కూర్చుంది. చెక్కల మధ్య బాతులు ఈదుతున్నాయి. విలిమోనే ఇంట్లో వదిలేసిన ఫోను మోగింది.

"అక్కా, మా వాకిలి సంగతి..."

"ఆయన లేడమ్మా. సెమిసీ పందులకి కాళ్ళు బురదవుతున్నాయట," అంది తోరికా. "కట్ట తెచ్చుకుని రా. నా వెనక నిలబడు."